లైలాది ఆట కాదట!

ఫలస్తీన్‌లో నాబ్లస్ అని ఒక పాత షహర్ ఉంది. అక్కడి ప్రోగ్రామర్ రషీద్ అబూ ఈదా 2016లో ఫోన్ మీద ఆడే చిన్న గేమ్ ఒకటి తయారు చేశాడు. పేరు ‘లైలా అండ్ ద షాడోస్ ఆఫ్ వార్’. 2014లో గజా మీద జరిగిన యుద్ధం దాని నేపథ్యం. ఒక అబ్బా, ఆయన బీవీ, వాళ్ళ చిన్నారి బిడ్డ లైలా. పైనుంచి బాంబులు. ఆ తండ్రి తనవాళ్ళను తీసుకుని ప్రాణాల కోసం పరుగెత్తాలి. స్కోరు చూసుకుని మురిసిపోయే ఆట కాదది. ఆడి ముగించాక కాసేపు ఫోన్ పక్కన పెట్టి ఖామోష్‌గా కూర్చోవాల్సిన ఆట.

ఆ ఏడాది మే నెలలో ఆపిల్ యాప్ స్టోర్ నుంచి అతనికి జవాబ్ వచ్చింది. దీన్ని గేమ్స్ విభాగంలో పెట్టుకోం, న్యూస్‌లోనో రిఫరెన్స్‌లోనో పెట్టుకో, ఇది గేమ్ అని రాసిన మాట తీసెయ్ అని దాని సారాంశం. రషీద్ ఆ సంగతి ట్విట్టర్‌లో పెట్టాడు. దునియా నలుమూలల నుంచి గేములు తయారుచేసేవాళ్ళు, ఆడేవాళ్ళు గొంతు కలిపారు. కొద్దిరోజుల్లోనే ఆపిల్ తన ఫైసలా మార్చుకుంది. లైలా గేమ్‌గానే స్టోర్‌లోకి వచ్చింది.

చాలామంది అక్కడితో కహానీ సుఖాంతం అనుకున్నారు. నేను అనుకోను. అరిచాం కాబట్టి తలుపు తెరిచారు. తలుపు మూసిన ఉసూల్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. గొంతు లేనివాడి సంగతేంటి? ట్విట్టర్‌లో వందమంది కూడా తోడులేని చిన్న తయారీదారు సంగతేంటి? ఇన్సాఫ్ అనేది అరుపుల లెక్కన దొరికితే దాన్ని ఇన్సాఫ్ అనరు, ఖైరాత్ అంటారు.

అసలు ‘ఇది గేమ్ కాదు’ అనడంలో ఉన్న మతలబు చూడండి. దుఃఖం గురించి నవల రాస్తే అది నవల కాదని ఎవరూ అనరు. యుద్ధం మీద సినిమా తీస్తే ‘ఇది సినిమా కాదు, వార్తల ఛానల్‌కు పంపుకో’ అనరు. మర్సియా విని ఏడ్చినవాడు ఇది షాయిరీయే కాదని లేచి వెళ్ళిపోడు. ఒక్క ఆటకు మాత్రం ఎందుకీ పాబందీ? ఆట అంటే నవ్వించాలి, మురిపించాలి, కాయిన్లు కురిపించాలి, అంతేనా?

ఈ చూపు కొత్తది కాదు. ఆపిల్ 2010లో తన యాప్‌ల నియమావళిని మొదటిసారి బయటపెట్టినప్పుడే ఈ ఫరక్ రాసుకుంది. పుస్తకాలూ పాటలూ వేరు, యాప్‌లు వేరు, ఒక మతాన్ని విమర్శించాలనుకుంటే కితాబు రాసుకోండి అని సలహా కూడా ఇచ్చింది. ఆ మరుసటి ఏడాది, 2011 జూన్‌లో, అమెరికా సుప్రీంకోర్టు దీనికి సరిగ్గా ఉల్టాగా చెప్పింది. పుస్తకాలు, నాటకాలు, సినిమాల్లాగే వీడియోగేములు కూడా భావాలు చెప్పే మాధ్యమమే, వాటికీ అదే రక్షణ ఉంటుందని ఏడుగురు జడ్జీలు ఒకవైపు, ఇద్దరు మరోవైపు ఉండి తీర్పిచ్చారు. కానీ ఆ తీర్పు కట్టిపడేసేది హుకూమత్‌ను మాత్రమే, కంపెనీని కాదు. సర్కారు మూయలేని నోటిని ఒక దుకాణం మూయగలదన్నమాట.

ఆ తర్వాత జరిగినవి వరసగా చూస్తే ఎవరి నోళ్ళు మూతపడ్డాయో తెలుస్తుంది.

2011 సెప్టెంబర్‌లో ‘ఫోన్ స్టోరీ’ అనే గేమ్ వచ్చింది. తయారుచేసింది మొల్లెఇండస్ట్రియా పేరుతో పనిచేసే ఇటలీ కళాకారుడు పావొలో పెదెర్చిని. మన చేతిలో ఉన్న ఫోన్ ఎక్కడ పుట్టి ఎక్కడ చస్తుందో చెప్పే కథ అది. కాంగో గనుల్లో కోల్టాన్ తవ్వే పిల్లలు, చైనా ఫ్యాక్టరీ మీదనుంచి దూకేసే మజ్దూర్లు, చివర్లో ఈ-వేస్ట్ గుట్టలు. ఆపిల్ దాన్ని వెంటనే స్టోర్‌లోంచి తీసేసింది. హింస, పిల్లల మీద జుల్మ్ చూపించారని వజహ్. చూపించినవాడిది తప్పయింది గానీ, గనిలోకి దింపినవాడి మాటేమిటి?

2013 ఫిబ్రవరిలో ‘స్వెట్‌షాప్’ పోయింది. బ్రిటన్‌కు చెందిన లిటిల్‌లౌడ్ వాళ్ళు చేసిన గేమ్ అది. మనం బట్టల కార్ఖానా నడిపే మేనేజర్‌గా ఆడాలి. లాభం పెరగాలంటే కూలీలను ఎంత పిండాలో, పిల్లలను ఎలా పనిలో పెట్టుకుంటారో ఆడుతూ ఆడుతూ మనకే సిగ్గేస్తుంది. అదే దాని మక్సద్. అలాంటి ఇతివృత్తం ఉన్న గేమ్ అమ్మడం తమకు ఇబ్బందిగా ఉందని ఆపిల్ చెప్పింది.

అదే రోజుల్లో ‘ఎండ్‌గేమ్: సిరియా’ను కూడా తిప్పి పంపారు. సిరియా అంతర్యుద్ధాన్ని వార్తలాగా వివరించే గేమ్ అది. నిజమైన సర్కార్లను, నిజమైన జాతులను శత్రువులుగా చూపకూడదనే రూలు అడ్డొచ్చింది. చివరికి సిరియా అనే పేరే తీసేసి ‘ఎండ్‌గేమ్: యూరేషియా’ అంటే ఒప్పుకున్నారు. అక్కడ నిజంగా చచ్చిపోతున్న ముల్క్ పేరు చెప్పొద్దు, లేని ముల్క్ పేరు చెప్పు, అప్పుడు ఇజాజత్ ఉంది!

2014 డిసెంబర్‌లో లూకస్ పోప్ చేసిన ‘పేపర్స్, ప్లీజ్’ ఐప్యాడ్‌కు వచ్చింది. సరిహద్దు దగ్గర కాగితాలు తనిఖీ చేసే చిన్న ఉద్యోగి కథ. మనుషులను స్కానర్ ముందు బట్టల్లేకుండా నిలబెట్టే జిల్లత్ అందులో ఒక భాగం. దాన్ని మొదట అశ్లీలం కింద లెక్కగట్టారు. తర్వాత పొరపాటు తెలుసుకుని ఆ దృశ్యాలకు ఇజాజత్ ఇచ్చారు. 2015 జూన్‌లో అమెరికాలో కాన్ఫెడరేట్ జెండా మీద గొడవ రేగితే, ఆ జెండా కనిపించిన అంతర్యుద్ధ చరిత్ర గేములు కూడా స్టోర్‌లోంచి మాయమయ్యాయి. గెటిస్‌బర్గ్ యుద్ధం గేమ్‌లో ఆ జెండా లేకుండా ఎలా? గోల జరిగాక మళ్ళీ తెచ్చి పెట్టారు.

వీటిలో ప్రతిచోటా ఒకే ఐబ్ కనిపిస్తుంది. ఏముందో చూస్తున్నారు, ఎందుకుందో చూడటం లేదు. ఏ పనికైనా నీయత్‌ను బట్టే లెక్క అని చిన్నప్పటినుంచి విన్నవాళ్ళం మనం. జుల్మ్ చేసి మజా పొందమనే ఆటకూ, జుల్మ్ చూసి కళ్ళు తెరవమనే ఆటకూ తేడా తెలియని తరాజు ఎందుకు పనికొస్తుంది?

ఆ తరాజు ఎటు వంగుతుందో ఇంకో మిసాల్ చెప్తాను. దుకాణం వేరే, గూగుల్ ప్లే. 2014లో గజా మీద బాంబులు పడుతున్న రోజుల్లోనే ‘బాంబ్ గజా’ అనే గేమ్ అందులో కనిపించింది. పేరులోనే ఉంది ఏం చేయాలో. జనం మండిపడ్డాక ఆగస్టులో తీసేశారు. కానీ అది లోపలికి వచ్చింది చూడండి, గేమ్‌గానే వచ్చింది. పైనుంచి బాంబు వేసేవాడిది ఆట. కింద పరుగెత్తే బిడ్డది మాత్రం రిఫరెన్స్ విభాగమట!

ఇప్పుడు మనవాళ్ళు వేసే సవాల్‌కు వస్తాను. ‘భాయ్, పాబందీలు ఉండొద్దంటారా? పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. బేహయాయీ, ఖూన్‌ఖరాబా అంతా లోపలికి రానిమ్మంటారా?’ సవాల్ సరైనదే. నేను పాబందీలు వద్దనను. పిల్లల కోసం వయసు రేటింగులు ఉండాలి, గట్టిగా అమలు కావాలి. కానీ ఈ దుకాణాలు నిజంగా మన పిల్లల అఖ్లాక్ కోసమే కాపలా కాస్తున్నాయా?

జువ్వా సంగతి చూడండి. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. అప్పులపాలై కూలిపోయిన ఇళ్ళ ఖబర్లు తెలుగు అఖ్బార్లలో ఎన్ని చదివాం! అయినా 2022 సెప్టెంబర్‌లో గూగుల్ ప్లే మనదేశంలో రమ్మీ, ఫాంటసీ క్రికెట్ లాంటి వాటికి ప్రయోగాత్మకంగా తలుపు తీసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు ఆటల మీద చట్టం చేసేదాకా ఆ దందా నడిచింది. ఇక లూట్ బాక్సులు వేరే. లోపల ఏముందో తెలియని డబ్బాను పిల్లాడికి పైసలకు అమ్ముతారు. ఏది ఎంత శాతం దొరుకుతుందో రాస్తే చాలని 2017 డిసెంబర్‌లో ఆపిల్ నియమం పెట్టింది, అమ్మకం మాత్రం ఆపలేదు. యాప్‌లలో జరిగే అమ్మకాల్లో పెద్ద కంపెనీల నుంచి 30 శాతం దాకా కమీషన్ దుకాణానిదే మరి. పైసలు తెచ్చే హరామ్ లోపల, కన్నీళ్ళు తెచ్చే నిజం బయట. దీన్ని హయా అని ఎవరైనా అంటే నేను నమ్మను.

అశ్లీలం మీద దాడి కూడా ఎలా జరగకూడదో 2025 జులైలో చూశాం. ఆస్ట్రేలియాకు చెందిన ఒక బృందం పేమెంట్ కంపెనీల మీద ఒత్తిడి తెచ్చింది. ఆ ఒత్తిడితో స్టీమ్ కొత్త రూలు పెట్టింది. ఇచ్.ఐఓ అనే ఇండీ గేముల బజార్ అయితే అడల్ట్ ముద్ర ఉన్నవన్నింటినీ రాత్రికి రాత్రి సెర్చ్‌లోంచి దాచేసింది. వాటిలో చాలావాటి కోసం నేను ఒక్క ఆన్సూ కార్చను. కానీ ముందు నోటీసు లేదు, ఒక్కోదాన్ని విడిగా చూసి చెప్పింది లేదు. ఇవాళ నాకు నచ్చనివాడి మీద పడిన ఈ లాఠీ, రేపు ఏ ముద్ర వేసి లైలా మీద పడుతుందో ఎవరు చెప్పగలరు? లాఠీ ఎవరిమీద పడిందన్నది కాదు, ఎవరి చేతిలో ఉందన్నది చూడాలి.

ఇంకో దలీల్ ఉంది. ‘దుకాణం వాడిది. ఏ సరుకు పెట్టుకోవాలో వాడి ఇష్టం.’ లాడ్ బజార్‌లో ఒక షాపువాడు నీ గాజులు అమ్మనంటే పక్క షాపుకు పోతావు. కానీ బజార్‌కు ఒకటే దర్వాజా ఉండి, ఆ దర్వాజా కూడా ఆ షాపువాడిదే అయితే? ఐఫోన్‌లో మనకున్నది అదే. యూరప్ చట్టం చేస్తే 2024లో అక్కడ మాత్రం వేరే స్టోర్లకు దారి దొరికింది. మన కాంపిటీషన్ కమిషన్ కూడా 2022 అక్టోబర్‌లో ప్లే స్టోర్ పేమెంట్ నిబంధనల మీద గూగుల్‌కు 936.44 కోట్ల జరిమానా వేసింది, అప్పీలులో అది బాగా తగ్గింది. అయితే ఆ కేసు పైసలది. కహానీ చెప్పుకునే హక్కు గురించి ఇక్కడ ఇంకా ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు.

మాట్లాడాల్సిన అవసరం ఏమిటో మా ఇంట్లోనే చూశాను. మా భాంజా ఒకడు ఉద్యోగం చేస్తూనే రాత్రిళ్ళు కూర్చుని చిన్న గేమ్ చేశాడు. బక్రీద్‌కు ఇంటికి తెచ్చిన పొట్టేలుకు ఒక పిల్లాడు పేరు పెట్టుకుంటాడు, మేత తినిపిస్తాడు, గల్లీలో తిప్పుతాడు. పండగ దగ్గరపడుతుంటే వాడి దిల్ బరువెక్కుతుంది. కత్తి లేదు, నెత్తురు లేదు. ప్రాణంగా చూసుకున్నదాన్ని వదులుకోవడం అంటే ఏమిటో ఆ పిల్లాడికి అర్థం కావడమే గేమ్. ఒక స్టోర్ దాన్ని తిప్పి పంపింది. మతపరమైన సున్నిత విషయమని రెండు లైన్లు, ఒక రూలు నంబరు. ఏ దృశ్యంలో ఇబ్బంది ఉందో చెప్పమని అడిగితే మళ్ళీ అవే రెండు లైన్లు. మూడోసారికి వాడు ఖుర్బానీ అనే మాట తీసేశాడు, వెనకాల కనిపించే ఈద్గాహ్ చెరిపేశాడు, బక్రీద్‌ను ‘పండగ’ చేశాడు. వెంటనే పాసయింది. ‘మామూ, గేమ్ పాసయింది, అందులో మనం ఫెయిలయ్యాం’ అన్నాడు నవ్వుతూ. ఇప్పుడు రెండోది చేస్తున్నాడు. అందులో పీర్ల పండగ పెడతావా అనడిగితే ‘ఎందుకు మామూ పరేషానీ’ అన్నాడు.

నాకు భయం వేసేది ఈ మాటకే. తిరస్కరించిన గేములను లెక్కపెట్టొచ్చు. దిమాగ్‌లోనే కైంచీ పడి పుట్టకముందే పోయిన గేములను ఎవరు లెక్కపెడతారు? పెద్ద కంపెనీలకు వకీళ్ళుంటారు. ఇండీ తయారీదారుకు తన జీతంలోంచి కట్టిన ఫీజు, నిద్ర లేని రాత్రులు, ఆ రెండు లైన్ల జవాబు ఉంటాయి.

అడిగేవి మూడే. ఒకటి, కాదంటే ఏ దృశ్యం, ఏ మాట, ఎందుకు అని తెలిసేలా మనిషి రాసిన జవాబ్ ఇవ్వాలి. రెండు, అప్పీలును మొదట కాదన్నవాళ్ళు కాకుండా వేరేవాళ్ళు వినాలి, ఫైసలాలు అందరూ చదివేలా బయటపెట్టాలి. నియమాన్నే సవాలు చేయవచ్చని 2020లో ఆపిల్ ఒప్పుకుంది, కానీ ఎవరు ఏ సవాలు వేశారో, ఏం తేలిందో జనానికి కనిపిస్తేనే దానికి ఖీమత్. మూడు, కితాబుకూ సినిమాకూ ఉన్న ఇజ్జత్ ఆటకూ ఇవ్వాలి. ఒక కథను నవలగా అమ్మగలిగితే గేమ్‌గానూ అమ్మాలి, వయసు రేటింగ్ పెట్టి.

రషీద్ అబూ ఈదా ఇప్పుడు 1948 నాటి నక్బా మీద ‘డ్రీమ్స్ ఆన్ ఎ పిల్లో’ అనే గేమ్ చేస్తున్నాడు, జనం ఇచ్చిన చందాలతో. అది ఏ స్టోర్ గడప దాకా వచ్చినా, ఈసారి ఆ గడప దగ్గర అతను ట్విట్టర్‌లో అరవాల్సిన మజ్బూరీ రాకూడదు. మన గల్లీల్లో రాత్రిళ్ళు లాప్‌టాప్ ముందు కూర్చునే పిల్లలకూ రాకూడదు. మీ ఇంట్లో అలాంటి పిల్లాడో పిల్లో ఉంటే, ముందు వాళ్ళ గేమ్ ఆడి చూడండి. అందులో ఏం తీసేయాల్సి వచ్చిందో కూడా అడగండి.