ఈడు ఒకటే – ఎదుగుదల వేరు

ఒకే ఏట పుట్టిన పిల్లలందరూ ఒకే తీరున ఎదగరు. బాలికలు సగటున పన్నెండేళ్ల ప్రాయంలో, బాలురు పద్నాలుగేళ్ల ప్రాయంలో అత్యంత వేగంగా పొడవు పెరుగుతారు. ఈ దశ కొందరికి ముందుగా, మరికొందరికి ఆలస్యంగా వస్తుంది. అందువల్ల పదమూడేళ్ల బాలురు ఇద్దరు పక్కపక్కన నిలిస్తే ఒకడు యువకునిలా, మరొకడు పసివానిలా కనిపించడం వింత కాదు. పాఠశాల క్రీడల్లో మాత్రం 14, 17, 19 ఏళ్లలోపు అనే వయోవిభాగాలే ప్రమాణం.

వికారాబాద్ జిల్లాలోని మోమిన్‌పేట్ వంటి మండల కేంద్రాల్లో జరిగే పోటీలే గ్రామీణ బాలలకు క్రీడారంగంలో తొలి మెట్టు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. కాని ఆటస్థలంలో ఆలస్యంగా విచ్చుకునే మొగ్గలూ ఉంటాయి. నేర్పు ఉండి కూడా దేహబలం చాలక అక్కడ ఓడిన బాలుడు ఆటకే దూరమైతే, ఆ నష్టం అతనొక్కడిదే కాదు.

ఈ లోపాన్ని సవరించే ప్రయత్నం ఇంగ్లండ్‌లో జరిగింది. 2015లో ప్రీమియర్ లీగ్ నాలుగు క్లబ్బుల బాలురతో ఒక ఫుట్‌బాల్ పోటీ నిర్వహించింది. పెద్దయ్యాక చేరగలరని అంచనా వేసిన ఎత్తులో 85 నుంచి 90 శాతం వరకు ఎదిగినవారినే అందులో ఆడించారు. 150 సెంటీమీటర్ల ఎత్తున్న ఇద్దరిలో ఒకరి అంతిమ ఎత్తు 165, మరొకరిది 180 సెంటీమీటర్లని అంచనా వేస్తే, మొదటివాడు 91 శాతం, రెండవవాడు 83 శాతం ఎదిగినట్లు లెక్క. నేటి ఎత్తు సమానమే అయినా, ఎదుగుదల దశలు వేరు. ఆ పోటీలో త్వరగా ఎదిగినవారు బలాన్ని వదలి నైపుణ్యాన్ని నమ్ముకోవలసి వచ్చింది. ఆలస్యంగా ఎదిగేవారికి తమ నేర్పు చూపే అవకాశం దక్కింది. అంటే మేలు ఇరువురికీ కలిగింది. కేవలం దేహబలంతో గెలుస్తూ వచ్చినవాడు, తోటివారు తనను అందుకున్ననాడు నిస్సహాయుడవుతాడు కదా!

కబడ్డీ, కుస్తీ వంటి ఆటల్లో బరువు పరిమితి ఎప్పటినుంచో ఉంది. కనుక వయసొక్కటే న్యాయం కాదన్న భావన కొత్తది కాదు. ఎదుగుదలను అంచనా వేయడానికి ఎక్స్‌రే కూడా అవసరం లేదు. ఖామిస్–రోష్ పద్ధతికి బాలుని వయసు, ఎత్తు, బరువు, తల్లిదండ్రుల ఎత్తు తెలిస్తే చాలు. అయితే ఆ పద్ధతి అమెరికా బాలల కొలతలపై రూపొందింది. పోషకాహార లోపం ఎదుగుదలను వెనక్కు లాగే గ్రామాల్లో దానిని పరీక్షించకుండా ప్రామాణికంగా స్వీకరించడం తగదు. పైగా ఒకే స్థాయికి ఎదిగినా, పదకొండేళ్ల బాలుని మనసు పద్నాలుగేళ్ల వాని మనసుతో సమానం కాదు.

కాబట్టి వయోవిభాగాలను రద్దు చేయనక్కరలేదు. అధికారిక పోటీలు వయసును బట్టే సాగనిచ్చి, శిక్షణలో అప్పుడప్పుడు ఎదుగుదలను బట్టి జట్లు కూర్చి ఆడించాలి. కొలతలను నలుగురిలో చదివి పిల్లలను చిన్నబుచ్చరాదు. ఆలస్యంగా ఎదిగే బాలుని ఒక్క ఎంపికతో తోసిపుచ్చక, మరుసటి ఏడు మళ్లీ పిలవాలి. ఇందుకు కావలసినవి ఒక కొలత టేపు, ఒక తూకం, వాటికి మించి ఉపాధ్యాయుని ఓర్పు.