ఒకే ఇంటికి రెండు వాకిళ్ళు

ఈ సంచికను చేతిలోకి తీసుకున్న పాఠకుడు మొదట గమనించే విషయం, దీనికి వెనుక అట్ట లేకపోవడం. ఎడమవైపు నుంచి తెరిస్తే తెలుగు విభాగం, కుడివైపు నుంచి తెరిస్తే ఉర్దూ విభాగం. రెండు వైపులా ముఖపత్రాలే. తెలుగు పుటలు ఇటునుంచి, ఉర్దూ పుటలు అటునుంచి నడచివచ్చి నడుమ కలుసుకుంటాయి. ఉర్దూ పుటలను కూడా తెలుగు పుటల వరుసలోనే కూర్చి అచ్చువేద్దామని ఎవరైనా అంటే మనం నవ్విపోతాం. కాగితం మీద ఇంత సహజంగా తోచే ఈ న్యాయం కంప్యూటరు తెర మీదికి వచ్చేసరికి మనకు గుర్తుకు రాకపోవడం విచారకరం.

నేను తెలుగు ఉపన్యాసకుణ్ణి. కంప్యూటరు శాస్త్రం నా అధ్యయన విషయం కాదు. అయినా కళాశాల వెబ్‌సైటును తిరిగి తీర్చిదిద్దాలన్న చర్చ సాగుతున్నది గనుక, తెలిసినవారిని అడిగి గ్రహించిన దానిని ఆధారం చేసుకొని పాలకవర్గం పెద్దలకూ, విద్యార్థి మిత్రులకూ నా అభిప్రాయాన్ని విన్నవించుకుంటున్నాను. మన సైటుకు ఒక మూల లేఅవుట్ చాలదు. రెండు కావాలి. ఆ రెండింటికీ ఆధారంగా ఒక ఉమ్మడి పునాది కూడా కావాలి.

ముందుగా మూల లేఅవుట్ అంటే ఏమిటో చూద్దాం. సైటులో వంద పుటలుంటే ప్రతి పుటలోనూ పైన కళాశాల పేరు, చిహ్నం, పక్కన శాఖల పట్టిక, అడుగున చిరునామా ఉండాలి. వీటిని వందచోట్ల వ్రాసుకుంటే ఒక్క ఫోన్ నంబరు మారినా వందచోట్ల దిద్దుకోవాలి. ఈ శ్రమను తప్పించేదే టెంప్లేటు విధానం. అందరికీ ఉమ్మడిగా ఉండే భాగాన్ని ఒకే చట్రంలో వ్రాసి, నడుమ కొన్ని ఖాళీ గడులు విడిచిపెడతారు. ప్రతి పుటా ‘నేను ఫలానా చట్రానికి చెందినదానను’ అని మొదటి పంక్తిలో చెప్పుకొని, తన గడులను మాత్రం నింపుకుంటుంది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఒక వార్తాపత్రిక కార్యాలయంలో పుట్టి, 2005లో లోకానికి విడుదలైన జాంగో అనే సాఫ్ట్‌వేర్ ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. అందులో ఒక పుట ఏ చట్రాన్ని అనుసరించాలో ముందే స్థిరపరచనక్కరలేదు. చదివేవారు ఎన్నుకొన్న భాషను బట్టి అప్పటికప్పుడు నిర్ణయించే వీలు కూడా ఉన్నది.

ఇక మన సమస్యకు వద్దాం. తెలుగు చట్రంలోనే ఉర్దూను పోస్తే ఏమవుతుంది? నస్తాలీఖ్ లిపిలో పదం కుడివైపు ఎత్తున మొదలై ఎడమకు వాలుతూ దిగుతుంది. దానికి పంక్తికీ పంక్తికీ మధ్య ఎక్కువ ఎడం కావాలి. తెలుగుకు సరిపడిన ఎడంలో దానిని ఇరికిస్తే పై పంక్తి చుక్కలు కింది పంక్తి మీద పడి అక్షరభేదమే చెడుతుంది. శీర్షిక అందంగా కనిపించాలని తెలుగులో అక్షరాల మధ్య జాగా పెంచుతాం. ఉర్దూలో అదే పని చేస్తే కలిసి ఉండవలసిన అక్షరాలు తెగిపోతాయి. ఈ లిపిని యంత్రానికి లొంగదీయడం ఎంత కష్టమో పత్రికల చరిత్రే చెబుతుంది. 1981లో నూరీ నస్తాలీఖ్ వచ్చేదాకా ఉర్దూ పత్రికలకు కాతిబుల చేతివ్రాతే ఆధారం. 1927లో మద్రాసులో ఆరంభమైన ముసల్మాన్ పత్రిక ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు చేతివ్రాతతోనే వెలువడింది.

అంకెల సంగతి మరీ చిత్రం. రాజమహేంద్రవరం కోడ్ 0883 వ్రాసి, చిన్న గీత గీసి, తక్కిన నంబరు వ్రాస్తాం. ఉర్దూ వాక్యం తరువాత దానిని ఏ జాగ్రత్తా లేకుండా వ్రాస్తే, ఆ గీతకు రెండు వైపులా ఉన్న అంకెలు వేర్వేరు ముక్కలై కుడి నుంచి ఎడమకు అమరుతాయి. ఎడమ నుంచి చూసి ఫోన్ చేసేవారికి తక్కిన నంబరు ముందు, 0883 వెనుక కనిపిస్తాయి. నంబరును దాని దిశలో దానిని విడిగా నిలిపే చిన్న ఏర్పాటు ఉర్దూ చట్రంలో ఒక్కసారి చేసిపెడితే ఈ చిక్కు ఉండదు.

‘దిశ మార్చే ఆజ్ఞ 1997 నాటి హెచ్‌టిఎమ్‌ఎల్ 4 నుంచీ ఉన్నదే కదా, రెండు చట్రాలెందుకు?’ అని కొందరు మిత్రులు ప్రశ్నించారు. ప్రశ్న న్యాయమైనదే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను, 2004 జనవరిలో మొదలైన ఉర్దూ వికీపీడియాను నడిపేది మీడియావికీ అనే ఒకే సాఫ్ట్‌వేర్. తెలుగులో ఎడమ మూలన ఉండే చిహ్నం ఉర్దూలో కుడి మూలన ఉంటుంది. అద్దంలో చూసినట్లు చట్రాన్ని తిప్పే ఏర్పాటు అక్కడ ఉన్నది. అయితే దాని వెనుక ఎందరో నిపుణుల శ్రమ ఉన్నది. మనవంటి చిన్న సంస్థలో ఆ పనిని ఒకే చట్రంతో చేయబూనితే ‘ఉర్దూ అయితే ఇలా, కాకుంటే అలా’ అనే షరతులు అడుగడుగునా పేరుకుపోతాయి. షరతు పెరిగిన ప్రతిచోటా మరపునకు తావున్నది. రెండు మూడు భేదాలకు ఒక చట్రం చాలు. ఇన్ని భేదాలున్నప్పుడు విడదీయడమే విజ్ఞత.

అయితే విడదీయడంలోనూ ఒక ప్రమాదమున్నది. దానిని నేను కళ్ళారా చూశాను. ఒక విద్యాసంస్థ సైటులో ఉర్దూ పుటలను, తెలుగు పుటలను పూర్తిగా వేరుచేశారు. దరఖాస్తు గడువు ముందుకు జరిగింది. తెలుగు పుటలో తేదీ దిద్దారు, ఉర్దూ పుటలో మరచారు. పాత తేదీని నమ్మి తండ్రిని వెంటబెట్టుకొని వచ్చిన ఒక అమ్మాయిని గుమాస్తా వెనక్కు పంపాడు. ‘సార్, మేము చదువుకున్నది తప్పా?’ అని ఆమె నన్నడిగింది. ఆమె చదివిన భాష తప్పు కాదు. మనం వ్రాసిన తీరు తప్పు. కాని ఆ సంవత్సరం నష్టపోయింది మాత్రం ఆమెయే.

కాబట్టి నేను కోరేది మూడంతస్తుల కట్టడం. అడుగున ఉమ్మడి పునాది. కళాశాల పేరు, చిహ్నం, ఫోన్ నంబర్లు అక్కడ ఒక్కసారే ఉంటాయి. దాని మీద తెలుగు చట్రం ఒకటి, ఉర్దూ చట్రం ఒకటి. దిశ, లిపి, పంక్తుల ఎడం, పట్టికల స్థానం వీటి పని. పై అంతస్తులో ప్రకటనలు, ఫలితాలు, వ్యాసాలు. గడువు తేదీలు, రుసుములు ఒకేచోట నమోదై, రెండు భాషల పుటలకూ అక్కడినుంచే రావాలి. ఇక్కడ ఒక హద్దు కూడా పెట్టుకోవాలి. శాఖకొక చట్రం, ఉత్సవానికొక చట్రం అంటూ పెంచుకుంటూపోతే మళ్ళీ వందచోట్ల దిద్దే పాత అవస్థే వస్తుంది. విషయం వేరైతే గడిని మార్చుకోవాలి. నడకే వేరైనప్పుడు మాత్రమే చట్రాన్ని మార్చుకోవాలి.

డెల్టావాసులకు ఇది కొత్త సంగతి కాదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వద్ద నిలిపిన నీరు ఒక్కటే. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు వేరు. అన్ని పొలాలకూ ఒకే కాలువ చాలునని ఎవరూ అనలేదు. కాలువకొక గోదావరి కావాలనీ ఎవరూ అనలేదు.

ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా గుర్తించే సవరణను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2022లో ఆమోదించింది. చట్టం ఇచ్చిన ఆ గౌరవం మన సైటులో కనిపించాలంటే, ఉర్దూ తెలుగింట్లో అద్దెకున్న అతిథిలా కాక, తన వాకిలి నుంచి తాను రాగలగాలి. పిఠాపురం ఉమర్ ఆలీషా కవి (1885–1945) తెలుగులో పద్యం వ్రాసినా, ఫారసీ చదివినా ఏ భాష మర్యాదను ఆ భాషకు దక్కించారు. ఆయన పుట్టిన సీమలో ఉన్న మనకు అది తెలియని ధర్మం కాదు.

ఖర్చు కొంత పెరుగుతుందని పాలకవర్గం పెద్దలు సంశయిస్తారని ఎరుగుదును. కాని ఈ పత్రికకు రెండు ముఖపత్రాలు వేసేటప్పుడు ఆ ఖర్చును మనం ఎన్నడూ ఖర్చనుకోలేదు. సైటుకూ అదే మర్యాద పాటించాలని మనవి. గడువు తేదీ తెలుగులో ఏది ఉన్నదో ఉర్దూలోనూ అదే ఉన్ననాడు, మరొక అమ్మాయి నా యెదుట నిలిచి ఆ ప్రశ్న అడగవలసిన అవసరం ఉండదు.

— ఉపన్యాసకుడు, తెలుగు శాఖ