నల్లపిల్లి చేసిన నేరమేమిటి?

మా మేడమెట్ల కింద మొన్నామధ్య ఓ పిల్లి నాలుగు కూనల్ని పెట్టింది. అవి గంతులేయడం మొదలెట్టాక వీధిలోవాళ్లు అడిగి మరీ పట్టుకెళ్లారు. తెల్లది ముందు, చారలది తర్వాత, మూడు రంగులది ఆ మర్నాడు. నల్లది మాత్రం మిగిలిపోయింది.

"పొద్దున్నే అది ఎదురొస్తే ఇంకేమన్నా ఉందాండీ?" అంది ఎదురింటావిడ. నిజం చెప్పొద్దూ, నా మనసులోనూ ఓ క్షణం అదే మెదిలింది. పక్కనే ఉన్న ఆవిడ పెద్దకూతురు, చామనఛాయ పిల్ల, గబుక్కున లోపలికి వెళ్లిపోయింది. ఆ మధ్యే పెళ్లిచూపులవాళ్లు 'రంగు తక్కువ' అని కబురు పెట్టారు. ఆ మాట అప్పుడు గానీ నాకు గుర్తుకు రాలేదు.

ఇంతకీ ఈ రంగుల సంగతేమిటి? పొట్టిబొచ్చు పిల్లుల్లో బ్రిటిష్ షార్ట్‌హెయిర్ అని ఖరీదైన జాతి ఒకటుంది. అందులో అందరూ మోజుపడేది 'బ్లూ' రంగు. పేరుకే నీలం, చూడ్డానికి బూడిద రంగు. నిజానికి అది నలుపే! తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వచ్చే ఒక జన్యువు వల్ల నల్లటి రంగు రేణువులు వెంట్రుకలో సమంగా పరుచుకోవు, గుంపులుగా ఉండిపోతాయి. అందుకే పలచబడినట్టు కనిపిస్తుంది. అదే నలుపు పలచగా ఉంటే ముద్దు, చిక్కగా ఉంటే అపశకునమా?

సయామీ పిల్లి పుట్టినప్పుడు దాదాపు తెల్లగా ఉంటుంది. చెవులు, మూతి, పాదాలు, తోక లాంటి ఒంటివేడి తక్కువున్న చోట్లే రంగు ముదురుతుంది. నలుపు, నారింజ కలిసిన పిల్లులు దాదాపు అన్నీ ఆడవే. నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడపిల్లికి ఎక్స్‌లు రెండు. పిండంలో ఒక్కో కణం ఏదో ఒక ఎక్స్‌ని నిద్రపుచ్చేస్తుంది కాబట్టి ఒంటి మీద ఒకచోట నలుపు, ఒకచోట నారింజ. ఇక అందరూ ఎగబడే తెల్లవాటిలో, నీలికళ్లున్నవి చాలా పుట్టు చెవుడుతో పుడతాయి.

నల్లపిల్లి కోసమే తపించిన ఆవిడా ఉంది. 1950ల్లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో నిక్కీ హార్నర్, బర్మీస్ పిల్లినీ నల్ల అమెరికన్ షార్ట్‌హెయిర్‌నీ జత కలిపి నిగనిగలాడే నల్లజాతిని తయారుచేసింది. మన దేశపు నల్లచిరుతను తలపిస్తుందని దానికి 'బాంబే' అని పేరు. 1976లో అక్కడి క్యాట్ ఫ్యాన్సియర్స్ అసోసియేషన్ దాన్ని గుర్తించింది. మన ఊరి పేరు పెట్టి వాళ్లు మురిసిపోతుంటే, మనం మన గుమ్మంలోదాన్ని చీపురుతో తరుముతున్నాం.

రంగు ఎవరూ కోరి తెచ్చుకునేది కాదు. ఆ సంగతి పిల్లి విషయంలో ఒప్పుకోలేనివాళ్లం ఆడపిల్ల విషయంలో ఒప్పుకుంటామా? పిల్లిని పెంచుకోదలిస్తే రంగు చూడకండి. టీకాలు వేయించండి, వయసొచ్చాక ఆపరేషన్ చేయించండి. సంబంధం చూడబోతే మాత్రం రంగు మాటే ఎత్తకండి.

అన్నట్టు, ఆ నల్లకూన ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. పేరు పెట్టింది ఎదురింటి అమ్మాయే. కాటుక!