ఫైర్‌వాల్ ఆపెయ్యడమే మందా?

(ఒక బి.ఎస్సీ. ఫైనలియర్ విద్యార్థి)

సైన్సు విద్యార్థులమని చెప్పుకునే మన మధ్య ఒక తారకమంత్రం ప్రచారంలో ఉంది. ప్రింటర్ పలకకపోయినా, హాస్టల్లో ఒక గది నుంచి ఇంకో గదికి ఫైళ్ళు పోకపోయినా, నలుగురు కలిసి ఆడే ఆట మొరాయించినా, ప్రాజెక్టు ప్రోగ్రాం నడవకపోయినా అందరి నోటా ఒకటే మాట: "ఫైర్‌వాల్ ఆపెయ్ రా, అయిపోతుంది!" ఆపేస్తారు. చాలాసార్లు పని అయిపోతుంది కూడా. కాని ఆ తర్వాత గుర్తుపెట్టుకుని దాన్ని మళ్ళీ ఆన్ చేసేవాడు మాత్రం వెతికినా కనబడడు. ఈ మంత్రం మందు కాదనీ, జబ్బేమిటో చూడకుండా వేసే గుడ్డి వైద్యమనీ నా అభిప్రాయం. ఎందుకో నాలుగు మాటలు చెప్పుకుంటాను.

అసలు ఫైర్‌వాల్ అంటే ఏమిటి? ఆ మాట పుట్టింది ఇళ్ళు కట్టేవాళ్ళ దగ్గర. ఒక వాటాలో అంటుకున్న నిప్పు పక్క వాటాకు పాకకుండా మధ్యలో కట్టే గోడ అది. మన ఊళ్ళల్లో గడ్డివామును ఇంటికి ఎడంగా వేసేదీ ఇందుకే గదా! ఇక కంప్యూటర్ సంగతి. నెట్‌వర్క్ మీద సమాచారం చిన్న చిన్న పొట్లాలుగా వస్తుంది. ఎక్కడ నుంచి వచ్చింది, ఎవరికి చేరాలి, ఏ తలుపు తట్టాలి అన్నది ప్రతి పొట్లం మీదా రాసి ఉంటుంది. ఆ తలుపులనే పోర్టులంటారు. వాటికి 0 నుంచి 65535 దాకా నెంబర్లున్నాయి. మనం అడిగినందుకు వచ్చిన జవాబును ఫైర్‌వాల్ లోపలికి రానిస్తుంది. మనం పిలవకుండా వచ్చినదాన్ని, ముందుగా అనుమతి ఉంటే తప్ప, గడప దగ్గరే ఆపేస్తుంది. ఇంతే దాని ఉద్యోగం. జీతం లేని కాపలాదారు. అటువంటివాణ్ణి పనిలోంచి తీసేసి మనం ఆదా చేసేది ఏమిటి?

దీనికి మిత్రులు చెప్పే మొదటి జవాబు: "నా కంప్యూటర్లో ఏముంది? నాలుగు సినిమాలు, రెండు ల్యాబ్ రికార్డులు. ఎవడొస్తాడు?" మాది వేరుశనగ పండే ఊరు. కాయ ఊరే రోజుల్లో రాత్రిళ్ళు అడవి పందులు దిగుతాయి. చేను చుట్టూ పాత చీరలు కట్టి, మంచె మీద కాపలా పడుకుంటారు మావాళ్ళు. ఎకరంవాడూ కడతాడు, పదెకరాలవాడూ కడతాడు. పంది పాసుపుస్తకం చూసి చేలో దిగదు గదా! కంప్యూటర్ పురుగులూ అంతే. 2003 ఆగస్టు 11న 'బ్లాస్టర్' అనే పురుగు బయటపడింది. దానికి ఎవరిమీదా పగలేదు. వరసగా నెంబర్లు పట్టుకొని కనిపించిన ప్రతి కంప్యూటర్‌దీ 135వ తలుపు తట్టుకుంటూ పోయింది. వచ్చిన ఉత్తరం ఏదీ తెరవకుండా, ఏ బొమ్మా నొక్కకుండా, నెట్‌కు తగిలించి ఊరికే కూర్చున్నవాడి కంప్యూటర్ కూడా 60 సెకన్లు లెక్కపెట్టి ఆగిపోయి మళ్ళీ మొదలయ్యేది.

ఇందులో శోచనీయమైన విషయం ఏమిటంటే, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో అప్పటికే ఫైర్‌వాల్ ఉంది. కాని దాన్ని ఆఫ్‌లో పెట్టి అమ్మారు. తలుపైతే ఉంది, గడియ వెయ్యలేదు. ఆ లోపానికి మరమ్మతు కూడా 2003 జూలై 16నే విడుదలైంది. వేసుకున్నవాళ్ళు తక్కువ. దెబ్బ తిన్నాక, 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 నుంచి ఫైర్‌వాల్ దానంతటదే ఆన్‌లో ఉండేటట్లు మార్చారు. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లయినా, చివరకు మొరిగాయి. ఇప్పుడు మనం ఒక్క నొక్కుతో ఆపేస్తున్నది ప్రపంచం అంత నష్టపోయి నేర్చుకున్న పాఠాన్ని.

కాస్త తెలిసినవాళ్ళు రెండో వాదం తెస్తారు: "మధ్యలో రౌటర్ ఉంది, బయటివాడు దాన్ని దాటి రాలేడు." ఇది సగం నిజం. రౌటర్ ఊరి పొలిమేర కాపలా లాంటిది. మరి పొలిమేర లోపల ఉన్నవాళ్ళ సంగతి? హాస్టల్లో వందల ల్యాప్‌టాపులు ఒకే వైఫై మీద ఉంటాయి. అందులో ఒకడు దొంగ సాఫ్ట్‌వేర్‌తో పాటు ఏదో పురుగును తెచ్చుకుంటాడు. ఇక అది మన గది తలుపు తట్టడానికి ఏ పొలిమేరా దాటనక్కరలేదు. 2017 మే 12న మొదలైన 'వనాక్రై' ఇటువంటిదే. ఒక కంప్యూటర్లో దిగిందంటే 445వ తలుపు గుండా అదే నెట్‌వర్క్‌లోని పక్కదానికి పాకేది. ఫైళ్ళన్నీ తాళం వేసి డబ్బు అడిగేది. 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాత పడ్డాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నింటికి కూడా ఆ సెగ తగిలింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేలాది రోగుల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఆ దేశపు ఆడిట్ కార్యాలయం 2017 అక్టోబరులో ఇచ్చిన నివేదికలో ఒక మాట గమనించదగ్గది: మరమ్మతు వేసుకున్నా వేసుకోకపోయినా, ఇంటర్నెట్ వైపున్న ఫైర్‌వాళ్ళను సరిగా చూసుకుని ఉంటే ఆ సంస్థలకు రక్షణ ఉండేదని.

మూడో వాదమే అసలైనది. "ఆన్‌లో ఉంటే పని జరగడం లేదు. ఏం చెయ్యమంటావ్?" న్యాయమైన ప్రశ్నే. చేలోకి ట్రాక్టరు పోవాలంటే ఒకచోట గేటు పెట్టుకుంటాం గాని కంచె అంతా పీకి పారెయ్యం. విండోస్‌లోనూ ఆ ఏర్పాటుంది. విండోస్ సెక్యూరిటీ తెరిచి, ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్‌లోకి పోతే, ఒక యాప్‌ను ఫైర్‌వాల్ గుండా అనుమతించే జాబితా ఉంటుంది. మనకు కావలసిన ఒక్క ప్రోగ్రాంకు అక్కడ టిక్కు పెడితే సరిపోతుంది. పక్కనే ప్రైవేట్, పబ్లిక్ అని రెండు గడులుంటాయి. మన ఇంటి నెట్ ప్రైవేట్. హాస్టలు, రైల్వే స్టేషను, టీ కొట్టు వైఫై పబ్లిక్. ఇంట్లో ప్రింటర్ కోసం పెట్టుకున్న అనుమతి స్టేషన్లో అక్కరలేదు. ఉబుంటు వాడే మిత్రులకు ఒక మాట. అందులో ఫైర్‌వాల్ ఉంటుంది గాని మనం ఆన్ చేసేదాకా పనిచెయ్యదు. వేసిన కొత్తలో అది దాదాపు ఏ తలుపూ తెరవదు కాబట్టి ఇబ్బంది లేదు. కాని ప్రాజెక్టు కోసం మనమే డేటాబేసులు, సర్వర్లు పెట్టి తలుపులు తీస్తాం. అప్పుడైనా కాపలా పెట్టుకోవాలి.

అసలు తప్పు ఫైర్‌వాల్‌దేనా అని తెలుసుకోవడానికి రెండు నిమిషాలు ఆపి చూడటం తప్పు కాదు. అది ప్రయోగం. కాని ప్రయోగమన్నాక ఫలితం రాసుకోవాలి, పరికరాన్ని మళ్ళీ యథాస్థానంలో పెట్టాలి. ఆపినా పని జరగలేదంటే జబ్బు వేరేచోట ఉందన్నమాట. ఆపితే జరిగిందంటే ఎక్కడ గేటు పెట్టాలో వెతకాలి. బ్యూరెట్ లీకవుతోందని ల్యాబ్‌కు నీళ్ళ సరఫరా ఆపించే విద్యార్థిని మన కెమిస్ట్రీ మాస్టారు ఏమంటారో అందరికీ తెలుసు. కంప్యూటర్ దగ్గరకు వచ్చేసరికి ఆ క్రమశిక్షణ ఏమైపోతోంది?

ఫైర్‌వాల్ ఉంటే చాలు, ఇక గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చని నేను అనను. మనమే చేయి పట్టుకుని లోపలికి తెచ్చుకున్నదాన్ని అది ఆపలేదు. విండోస్‌లోది మామూలుగా బయటికి పోయేవాటిని అడ్డుకోదు. ఓటీపీ మనమే చదివి చెబితే ఏ గోడా కాపాడదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. "మీ కంప్యూటర్లో వైరస్ ఉంది, మేం కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం, ముందు ఫైర్‌వాల్ ఆపండి" అని ఫోన్లో తియ్యగా చెప్పేవాళ్ళున్నారు. "ఆపేస్తే అయిపోతుంది" అన్న మాటకు అలవాటుపడ్డ చెయ్యి అప్పుడూ ఆలోచించకుండా ఆపేస్తుంది. కంచే చేను మేసినట్లు, సహాయం పేరుతో వచ్చినవాడే దోచుకుపోతాడు. నాకు ఎక్కువ భయం కలిగించేది ఈ అలవాటే.

మనలో చాలామంది ల్యాప్‌టాప్ ఎట్లా కొన్నామో ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. పంట డబ్బుతోనో, అమ్మ గాజులు తాకట్టు పెట్టో, స్కాలర్‌షిప్పు కూడబెట్టో కొన్నది. అది మన ఒక్కరి వస్తువు కూడా కాదు. సెలవులకు ఇంటికి పోతే నాయన బ్యాంకు ఖాతా చూసేది అందులోనే, పొలం కాగితాలు దాచేది అందులోనే, చెల్లెలి కౌన్సెలింగ్ దరఖాస్తు పంపేదీ అందులోనే. సినిమాలు పోతే పోనీ అనుకోవచ్చు. వీటిని పోనీ అనే హక్కు మనకెక్కడిది?

కాబట్టి మన అధ్యాపకులకు ఒక విన్నపం. ల్యాబ్ మాన్యువల్‌లో "ఫైర్‌వాల్ ఆపుము" అని ఉన్నచోట, ఏ ప్రోగ్రాంకు, ఏ పోర్టుకు అనుమతి కావాలో రాయించండి. ఒక్క వాక్యమే ఎక్కువవుతుంది. మన యూనియన్‌కు ఇంకో విన్నపం. ఏటా ఫ్రెషర్స్ డే ఘనంగా జరుపుతున్నాం. ఆ వారంలోనే ఒక సాయంత్రం సీనియర్లు హాస్టళ్ళకు పోయి కొత్తవాళ్ళకు ఈ గేటు పెట్టడం చూపించాలి. గదికి పది నిమిషాలు చాలు. దీనికి నిధులు అక్కరలేదు, తీర్మానాలు అక్కరలేదు.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకునేవాణ్ణి చూసి నవ్వుతాం. ప్రింటర్ పలకలేదని ఫైర్‌వాల్ ఆపేసి మరిచిపోయేవాడు అంతకంటే తెలివైనవాడా? మిత్రులారా, ఈ సంచిక మూసి పక్కన పెట్టగానే మీ కంప్యూటర్లో అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. వేరే యాంటీవైరస్ తన సొంత ఫైర్‌వాల్ తెచ్చుకుని ఉంటే విండోస్‌ది పక్కకు తప్పుకోవచ్చు, అది వేరే సంగతి. ఏదీ లేకుండా ఆఫ్ అని కనిపిస్తే, ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు అని అడగండి. జవాబు దొరికినా దొరక్కపోయినా, ముందు ఆన్ చెయ్యండి.