అరువు గొడ్డలి

పిల్లలూ! గాంధీగారు మెచ్చిన అమెరికా రచయిత థోరో పెన్సిళ్ళు చేసే కుటుంబంవాడు. 1845 మార్చి నెలాఖరున ఆయన ఒక గొడ్డలి అరువు తెచ్చుకుని, వాల్డెన్ చెరువు పక్క అడవిలో ఇల్లు కట్టుకోబోయాడు.

పైన్ చెట్లు కొట్టి, దూలాలు చెక్కాడు. ఒక దూలం కొనను సన్నగా చెక్కి, రెండవదానికి తొలిచిన బెజ్జంలో బిగువుగా దిగేటట్టు అమర్చాడు. మే నెల మొదట్లో చట్రం నిలబెట్టేటప్పుడు తెలిసినవాళ్ళు వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. అవసరానికన్నా ఇరుగుపొరుగు స్నేహం కోసమే వారి సాయం తీసుకున్నానని ఆయన తరవాత రాశాడు. 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల ఆ ఇంటికి ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లే!

మరి గొడ్డలి ఏమయింది? తెచ్చినప్పటికన్నా పదునుగా చేసి తిరిగి ఇచ్చాడు. మీరు అరువు తెచ్చిన పుస్తకాన్ని ఎలా తిరిగి ఇస్తున్నారు?