థియేటర్ మూతపడితే మనకేంటి అనే వాళ్లకి



"సింగిల్ స్క్రీన్లు మూతపడితే మనకేంటన్నా? తెర మీద మనం లేం, తెర వెనకాల లేం, హాలు ఓనర్లలో అసలే లేం. మూసుకోనీ." ఈ మధ్య మన పిల్లల నోటే ఈ మాట ఎక్కువ వింటున్నా. కోపం న్యాయమే. లెక్కే తప్పు.

సినిమా గొప్పదా చెత్తదా అన్న చర్చ పక్కన పెట్టండి. నేను మాట్లాడేది కుర్చీ గురించి.

రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు తీయండి. గ్రూప్స్ చదివే వాళ్లకి బట్టీ వచ్చే ఉంటుంది. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు. వీటితో పాటే బహిరంగ వినోద స్థలాలు. వీటిలో దేంట్లోకీ కులం పేరుతో ఎవర్నీ ఆపకూడదు. బాబాసాహెబ్ అధ్యక్షుడిగా తయారైన ముసాయిదాలోనే ఆ మాట ఉంది. తాగే నీళ్ల సరసన వినోదాన్ని ఊరికే పెట్టలేదు. మహద్ చెరువు దగ్గర కూడా గొడవ దాహం ఒక్కదాని గురించే కాదు కదా.

ఊళ్లో రచ్చబండ మీద, గుడి ముందు, టీ హోటల్ బెంచీ మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలో పుట్టుక తేల్చేది. సినిమా హాల్లో టికెట్ తేల్చింది. నేల, బెంచీ, కుర్చీ. అదీ సమానత్వం కాదు, డబ్బు లెక్కే. కానీ ఇంటిపేరు అడగని క్యూ అది. లైట్లు ఆరిపోయాక పక్కనున్నది ఎవరో తెలియని మూడు గంటలు. అగ్రకులం దాన్ని ఎంత భరించలేకపోయిందో చుండూరుని అడగండి.

1991 జూలై, గుంటూరు జిల్లా. సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ఒక రెడ్డి కుర్రాడికి తగిలింది. మనవాడు పీజీ చదువుతున్నాడు. తగిలింది కాలే, కానీ వాళ్లని మండించింది ఆ చదువూ, ఆ కూర్చున్న తీరూ. గొడవ ముదిరింది, సాంఘిక బహిష్కరణ పెట్టారు, పనులు ఆపేశారు. ఆగస్టు 6న వెంటాడి ఎనిమిది మందిని నరికారు. శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

చెప్పండి, కాలు తగలడం ఎక్కడ సాధ్యం? పక్కపక్కన కూర్చునే చోటే. ఆ చోటు కోసం మనవాళ్లు ప్రాణం పెట్టారు. ఇప్పుడు మనమే వచ్చి "ఫోన్లో చూసుకోవచ్చు కదా" అంటున్నాం! ఫోన్లో ఎవరి కాలూ ఎవరికీ తగలదు. వాడింట్లో హోం థియేటర్, నీ చేతిలో ఆరంగుళాల తెర. ఇది వెలివాడకి వేసిన కొత్త వైరింగ్ తప్ప ఇంకేం కాదు.

రేటు సంగతికి వద్దాం. 2021లో ఆంధ్రా ప్రభుత్వం జీవో 35 ఇచ్చి పంచాయతీల్లో నాన్ ఏసీ హాలు ఆఖరి టికెట్ 5 రూపాయలంది. అయిదు రూపాయలకి కరెంటు బిల్లు కూడా రాదు, ఒప్పుకుంటా. కానీ 2024 డిసెంబర్లో తెలంగాణలో పుష్ప 2 ప్రీమియర్‌కి టికెట్ మీద అదనంగా 800 వసూలు చేసుకోమని ప్రభుత్వమే అనుమతిచ్చింది. అయిదుకీ ఎనిమిది వందలకీ మధ్య కూలికెళ్లే అమ్మకి అందే రేటు ఒక్కటీ లేదా? కులం అడిగితే కేసవుతుంది. రేటు అడిగితే వ్యాపారం.

డబ్బున్నా ఆగని సంగతులూ ఉన్నాయి. 2023 మార్చిలో చెన్నైలో ఒక పేరున్న హాలు దగ్గర నరికురవర్ కుటుంబం టికెట్లు చేత్తో పట్టుకుని నిలబడితే గేటు దగ్గరే ఆపారు. వీడియో బయటికొచ్చాక సెన్సార్ సర్టిఫికెట్ వంక చెప్పారు. 2024 జూలైలో బెంగళూరులో సినిమాకొచ్చిన ఒక రైతుని పంచె కట్టుకున్నాడని మాల్‌లోకి రానివ్వలేదు. అల్లరయ్యాక ప్రభుత్వం ఆ మాల్‌ని వారం పాటు మూయించింది. గేటు ఉంది కాబట్టే ఆ అవమానం అందరి కళ్లా పడింది, ప్రభుత్వం కదిలింది. ఓటీటీలో అయితే గేటుండదు, గొడవుండదు. డబ్బు కట్టలేనివాడు బయటే ఉంటాడు, అతన్ని ఆపినట్టు ఎవరికీ తెలియను కూడా తెలియదు.

తెర మీద మనం లేమంటారా? మనం వచ్చినప్పుడు వాళ్లు దేన్ని అడ్డుకుంటారో గమనించండి. 'ఫూలే' సినిమా 2025 ఏప్రిల్ 11న, ఆయన జయంతి రోజు హాళ్లలోకి రావాలి. బ్రాహ్మణ సంఘాల అభ్యంతరాలు, సెన్సార్ కోతలు, 25కి వాయిదా. హాల్లో జనం కలిసి చూస్తే ఏమవుతుందో వాళ్లకి బాగా తెలుసు. మనకే తెలియట్లేదు.

తెలంగాణ పల్లెలకి మాత్రం తెలుసు. 'బలగం' ఓటీటీలోకి వచ్చేశాక కూడా ఊరూరా తెరలు కట్టి, చాపలేసుకుని, ముసలీ ముతకా కలిసి చూసి ఏడ్చారు. ఎవరింట్లో వాళ్లు చూసుకోవచ్చుగా? చూసుకోలేదు. నిర్మాణ సంస్థ వాళ్లు పోలీసులకి ఫిర్యాదు చేశారు. వాళ్ల నష్టం వాళ్లది. జనం కోరుకున్నది మాత్రం కలిసి కూర్చోవడం.

కాబట్టి విద్యార్థి సంఘాల మిత్రులకి ఒక పని. ప్రతి షోలో, ప్రీమియర్‌తో సహా, కొన్ని సీట్లు ఒక పూట కూలిలో చిన్న భాగానికి దొరకాలని జిల్లా కలెక్టర్లకి అర్జీలు పెట్టండి. అంబేడ్కర్ భవన్లకి ప్రొజెక్టర్ అడగండి, హక్కులున్న వాళ్ల అనుమతి తీసుకునే వేయండి. షోకి మన వాడ వాళ్లనే కాదు, ఊళ్లో వాళ్లనీ పిలవండి. వస్తారో రారో, వచ్చి ఎక్కడ కూర్చుంటారో రాసి పెట్టుకోండి.

కటౌట్లకి పాలాభిషేకాలు చేసే మన తమ్ముళ్ల సంగతి వచ్చే భాగంలో. తిట్టబోయే వాళ్లు అప్పటిదాకా ఆగండి.

జై భీమ్.