సేవ ముగిసిన పిమ్మట

జాతీయ సేవాపథకమున రెండేండ్లు పనిచేసి వచ్చిన మన రామన్నపేట యువకులు కొందరు ఒక సేవాసంఘమును స్థాపింపదలచి మా సలహా నడిగినారు. సంతోషమే. 1969లో, గాంధీమహాత్ముని శతజయంతి వేళ పుట్టిన ఆ పథకము విద్యార్థిని రెండేండ్లలో 240 గంటలు పనిచేయుమన్నది. గంటలు నిండినవి, యోగ్యతాపత్రము చేతికి వచ్చినది. ఊడ్చిన వీధి మాత్రము వారము తిరుగకుండనే మునుపటి వీధి యైనది. ఈ వెలితియే వారిని మాయొద్దకు తెచ్చినది.

1923లో కాకినాడ కాంగ్రెసు నాడు ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున స్వచ్ఛందసేవికగా నిలిచిన బాలిక దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవహర్లాలు నెహ్రూనే ఆపినది. నిర్వాహకులు టిక్కెట్టు కొనియిచ్చిన పిదపనే లోనికి విడిచినది. ఉప్పుసత్యాగ్రహమున చెరసాల కేగి వచ్చిన పిమ్మట ఆమె పాతకీర్తిని చెప్పుకొనుచు కూర్చుండలేదు. తాము చదువుకొనిరి, తోడి స్త్రీలకు చదువు చెప్పిరి. 1937లో చెన్నపట్టణమున ఆంధ్ర మహిళాసభ వెలసినది. 1981లో ఆమె గతించిరి. సభవారి విద్యాలయములు, ఆసుపత్రి నిలిచినవి.

ఉత్సాహమొక్కటియే చాలదనుటకు మన పోచంపల్లియే సాక్షి. 1951 ఏప్రిలు 18న వినోబాజీ హరిజనులకై 80 ఎకరములు కావలెననగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరము లిచ్చిరి. ఇచ్చుట ఒక్కనాటి పని. దేశమెల్ల అటుపిమ్మట వచ్చిన దానములను కొలిచి, పంచి, పట్టాలలో నిలుపుట దస్త్రముల పని. 1965లో భూదాన గ్రామదాన చట్టము వచ్చిన తరువాతను మన ప్రాంతమున భూదానభూముల తగవులు న్యాయస్థానముల కెక్కుచునే వచ్చినవి.

ఇక చట్టము మాట. 2001 నాటి సంఘముల నమోదు చట్టము ప్రకారము ఏడుగురుండిన చాలును. లాభమును సభ్యులు పంచుకొనరాదు. ఏడు సంతకములు దొరకుట కష్టము గాదు. అన్నదమ్ములు, బావమరదులు, వారి భార్యలు కలిసి ఏడుగురైన సంఘముల దస్త్రములను మా వకీలువృత్తిలో చూచియున్నాము. వానియందు సమావేశముల పుస్తకము తెల్లగానే యుండును; చెక్కుపుస్తకము మాత్రము నలుగును! కావున కోశాధికారి అధ్యక్షుని యింటివాడు కారాదు. ప్రతి చెక్కుమీద ఇరువురి సంతకము లుండవలెను.

ఒక ధనికుడు గౌరవాధ్యక్షపదవి కోరి పెద్దమొత్తము నిచ్చెదనన్నాడని యువకులు మురియుచున్నారు. ఆ సొమ్మును మొదట ముట్టవద్దని మా గట్టి అభిప్రాయము. నియమావళి వ్రాయకముందు పుచ్చుకొన్న ధనమే నియమావళిని వ్రాయించును. ఇంటింట పదిరూపాయల చందా చాలును; రసీదు లేక ఒక్క రూపాయియు తీసికొనరాదు. పది పనులు వలదు, ఏడాదిపాటు ఒక్క వీధి చాలును. ఆ ధనికుడు మరల వచ్చిన యెడల పదిరూపాయల రసీదే చింపి యిండు.

నెలనెల జమాఖర్చులను గ్రంథాలయపు గోడకు అంటింపుడు. మొదటి నెల లెక్క అచ్చట చూచిననాడు మా చందా పంపుదుము.